అంత సముద్రం ఉండి రష్యాకు రేవు కరువా?

ప్రశ్న: మ్యాప్‌లో చూస్తే రష్యాకు బోలెడు తీరం ఉంది కదండీ, మరి క్రిమియా కోసం అంత పట్టుదల ఎందుకు? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: తీరం ఉంది, కానీ చాలాభాగం చలికాలంలో గడ్డకట్టుకుపోతుంది. మీ కాకినాడ రేవుకు ఆ బాధ లేదు గానీ రష్యా తూర్పు కొసన ఉన్న వ్లాదివొస్తోక్ రేవులో చలి ముదిరితే ఐస్‌బ్రేకర్ ఓడ ముందు నడిచి మంచు పగలగొట్టి దారి చెయ్యాలి. మూర్మాన్స్క్ గడ్డకట్టదు, అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం పుణ్యమా అని, అయితే అది ఎక్కడో ఉత్తరాన మూలకు ఉంది.

అందుకే నల్లసముద్రం ఒడ్డున, క్రిమియాలో ఉన్న సెవస్తొపోల్ రేవు. రష్యా రాణి కేథరిన్ 1783లో క్రిమియాను కలుపుకున్న ఏడాదే అక్కడ నౌకా స్థావరం మొదలైంది. సోవియట్ యూనియన్ విడిపోయాక ఉక్రెయిన్ దగ్గర లీజుకు తీసుకుని వాడుకున్నారు, 2014లో ఏకంగా ఆక్రమించేశారు.

అయినా తిప్పలు తీరాయా? నల్లసముద్రం నుంచి బయటపడాలంటే ఇస్తాంబుల్ నడిమధ్యలోంచి, ఇరుకైన చోట 700 మీటర్లే ఉండే బాస్ఫరస్ జలసంధి దాటాలి, యుద్ధనౌక పోతుంటే ఒడ్డున టీ తాగేవాళ్లు ఫోన్లు తీసి ఫొటోలు కొడుతుంటారు. తాళంచెవి టర్కీ చేతిలో ఉంది. ఈ జలసంధిలో ఓడల రాకపోకలకు నియమాలు పెట్టిన 1936 నాటి మాంట్రో ఒప్పందం ప్రకారం 2022లో యుద్ధం చేస్తున్న దేశాల యుద్ధనౌకలకు ఆ దారి మూసేసింది, సొంత స్థావరానికి తిరిగెళ్లేవాటికి తప్ప. 2015లో టర్కీ రష్యా విమానం కూల్చినా ఏడాది తిరగకుండానే ఇద్దరూ రాజీపడ్డారంటే నాకేం ఆశ్చర్యం లేదు.

అలాగని నేరమంతా మ్యాప్ మీదకు నెట్టేస్తే నేనొప్పుకోను. సెవస్తొపోల్ లీజును 2010లోనే 2042 దాకా పొడిగించారు, అంటే ఆక్రమించేనాటికి రేవు వాళ్ల చేతిలోనే ఉంది!