భయపెట్టే చిత్రం నుంచి కథ ఎలా పుడుతుంది?

ప్రశ్న: నేను హారర్ కథలు రాస్తుంటాను. కన్నబిడ్డను తింటున్న రోమన్ పురాణాల దేవుడు శాటర్న్‌ను స్పెయిన్ చిత్రకారుడు గోయా చిత్రించిన తీరు చూసి ఒళ్లు గగుర్పొడిచింది. దాని ప్రేరణతో రాసిన కథ మాత్రం మిత్రులెవరినీ భయపెట్టలేదు. లోపం ఎక్కడుంది? - ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: చిత్రంలో కనిపించిన నెత్తురునూ చీకటినీ మీరు యథాతథంగా వర్ణించి ఉంటారని నా అనుమానం. చిత్రం చూసేవారికి అంతా ఒక్క చూపులో అందుతుంది. కథలో అదే దృశ్యం వాక్యం వెంట వాక్యంగా వస్తుంది కనుక, వర్ణన పెరిగేకొద్దీ భయం పలచబడుతుంది.

ఆ చిత్రాన్ని మరొకసారి నింపాదిగా చూడండి. తన సంతానంలో ఒకరు తనను గద్దె దించుతారన్న జోస్యానికి వెరచి, పుట్టిన బిడ్డను పుట్టినట్టే మింగేసిన దేవుడి గాథ అది. గాథలో ఉన్నది పసికందులు. గోయా చిత్రంలో ఉన్నది తల తెగిపోయిన, ఎదిగిన శరీరం. పట్టుకున్న వేళ్లు దాని వీపులోకి దిగబడి ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం ఆ గుడ్లు తేలేసిన కళ్లు. వాటిలో నాకు క్రూరత్వం కంటే బెదురే ఎక్కువగా కనిపిస్తుంది. తినేవాడే హడలిపోతున్నాడు! దేనికి హడలిపోతున్నాడన్న ప్రశ్న దగ్గరే మీ కథ మొదలు కావాలి.

1790ల తొలినాళ్లలో జబ్బు చేసి వినికిడి కోల్పోయిన గోయా, 1819లో మాద్రిద్ శివార్లలో ఒక ఇల్లు కొని, తర్వాతి కొన్నేళ్లలో దాని గోడల మీదే ఈ చిత్రాన్నీ, ఇలాంటివే మరికొన్నిటినీ వేశాడు. మొత్తం 14 చిత్రాలు. ఎవరూ వేయమని అడగలేదు, ఆయన వాటికి పేర్లూ పెట్టలేదు. 1870లలో వాటిని గోడల నుంచి కాన్వాసు మీదికి మార్చారు; ఇప్పుడవి మాద్రిద్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి. శాటర్న్ అన్న పేరు కూడా ఇతరులు పెట్టిందే కాబట్టి, రాసేటప్పుడు మీరు ఆ పేరునూ పురాణాన్నీ పక్కన పెట్టవచ్చు. ఎదిగిన కొడుకుతో ఒకే పంక్తిలో కూర్చుని, ముద్ద ముద్దకూ వాడి చేతుల వంక దొంగచూపులు చూసే తండ్రి గురించి రాయండి. నెత్తుటి ఊసు లేకుండానే పాఠకుడికి ఆ కళ్లు కనిపిస్తాయి.

ప్రశ్న: వికృతాకారాలేవీ లేకుండా భయం పుట్టించే చిత్రం ఏదైనా చెప్పగలరా? - ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఆ 14 చిత్రాలలోనే కుక్క బొమ్మ ఒకటుంది. కింద ఏటవాలుగా ముదురు రంగు మట్టిలాంటిదేదో. దాని అంచు పైన కుక్క తల మాత్రమే. ఆ పైనంతా ఏమీ లేని పసుపు వన్నె ఖాళీ. అది మునిగిపోతోందో, దాక్కుందో, ఎవరి కోసమైనా చూస్తోందో తేలదు. రాసేవారికి శాటర్న్ కంటే ఇదే గొప్ప పాఠమని నా నమ్మకం. ముందు ఈ చిత్రంలో కనిపిస్తున్నవి మాత్రమే, భయంకరం, భీకరం వంటి విశేషణాలు లేకుండా, ఐదారు వాక్యాలలో రాసుకోండి. తర్వాత చిత్రాన్ని మూసేసి, కుక్క దేన్ని చూస్తోందో మీకు మీరు నిర్ణయించుకోండి. కథ మొత్తం ఆ నిర్ణయం మీదే నడవాలి గానీ, దాన్ని పాఠకుడికి ఒక్క వాక్యంలోనూ చెప్పకండి.