ఫ్లూ వైరస్‌ని ఇప్పటికీ కోడిగుడ్లలో ఎందుకు పెంచుతున్నారు?

"ఇంత టెక్నాలజీ వచ్చాక కూడా ఫ్లూ టీకాకి కోడిగుడ్లేనా? వేరే దారి లేదా? గుడ్డు పడనివాళ్ల సంగతేంటి?" అని అడిగారు.

వేరే దారులు ఉన్నాయి, వాడుతున్నారు కూడా. అయినా గుడ్డుని ఎందుకు వదల్లేదో చెప్తాను. ఎమ్మెస్సీ అయ్యాక ఒక వైరాలజీ ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా పనిచేశాను. అక్కడ నా పని ఎక్కువ భాగం గుడ్లతోనే. మాది తణుకు వైపు, చుట్టూ కోళ్ల ఫారాలే. "గుడ్లు చూసుకోడానికి అంత చదువెందుకురా, ఇక్కడే ఉండచ్చుగా" అని మా బాబాయి ఎగతాళి చేసేవాడు.

కొట్లో కొనే గుడ్డు దీనికి పనికిరాదు, అందులో పిండం ఉండదు. 9 నుంచి 11 రోజులు పొదిగిన గుడ్డు కావాలి. చీకటి గదిలో మొద్దు వైపు లైటు పెట్టి చూస్తే లోపల ఎర్రటి రక్తనాళాలు, వాటి మధ్య కదిలే పిండం కనిపిస్తాయి. కదలిక లేకపోతే పక్కన పెట్టేస్తాం. గాలి గది అంచుని పెన్సిల్‌తో గీసుకుని, నాళాలు లేని చోట చిన్న రంధ్రం చేసి, పిండం చుట్టూ ఉండే అల్లంటోయిక్ సంచిలోకి 0.1 లేదా 0.2 మి.లీ. వైరస్ ఎక్కిస్తాం. రంధ్రాన్ని మైనంతో మూసి రెండు మూడు రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచితే ఆ సంచిలోని ద్రవమంతా వైరస్‌తో నిండిపోతుంది. ఇంత చవగ్గా, ఇంత ఎక్కువగా వైరస్‌ని పెంచి ఇచ్చే ఏర్పాటు ఇంకోటి దొరకడం కష్టం. గుడ్డు నిలబడడానికి మొదటి కారణం ఇదే.

ద్రవం తీసే ముందు గుడ్లని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి. అప్పుడు నాళాలు ముడుచుకుని, తీసేటప్పుడు రక్తం కలవదు. కలిస్తే ఎర్ర కణాలు వైరస్‌ని పట్టేసుకుంటాయి, మన లెక్క తప్పుతుంది. మాకు చిరాకు తెప్పించే ఈ రక్తమే ఒకప్పుడు పెద్ద విషయం బయటపెట్టింది. 1941లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో జార్జ్ హర్స్ట్ వైరస్ ఎక్కించిన గుడ్ల నుంచి ద్రవం తీస్తుంటే, నాళం చిట్లి కలిసిన ఎర్ర కణాలు గుంపులుగా అంటుకోవడం గమనించాడు. వైరస్ ఉందో లేదో కంటితో చూసి చెప్పే పరీక్ష అలా పుట్టింది. చిన్న చిన్న గుంటలున్న ప్లేటులో ఈ ద్రవాన్ని, ఎర్ర కణాలని కలుపుతాం. వైరస్ లేకపోతే కణాలు అడుగుకి జారి ఎర్రటి చుక్కగా కూర్చుంటాయి. ఉంటే పలచటి పొరలా పరుచుకుంటాయి. వైరస్‌కి ముందే యాంటీబాడీలు కలిపి చూస్తే, పోయిన ఏడాది టీకా యాంటీబాడీలు ఈ ఏడాది వైరస్‌ని ఆపగలవో లేదో తెలుస్తుంది. మన పుణె ఎన్ఐవీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ)తో సహా ప్రపంచమంతా ఉన్న కేంద్రాలు ఇచ్చే ఇలాంటి సమాచారం చూసే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధ గోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధ గోళానికి టీకాలో ఏ స్ట్రెయిన్లు (వైరస్ రకాలు) ఉండాలో చెబుతుంది.

ఇక అసలు చిక్కు. ఫ్లూ వైరస్ కణాన్ని పట్టుకునేది సియాలిక్ ఆమ్లం అనే చక్కెర ద్వారా. మన ముక్కు, గొంతు కణాల మీద ఆ చక్కెర ఒక రకంగా అతికి ఉంటుంది, గుడ్డులోని ఆ సంచి కణాల మీద ఇంకో రకంగా. మనిషి నుంచి తెచ్చిన వైరస్ గుడ్డులో బతకాలంటే ఆ చక్కెరని పట్టుకునే, పైన ఉండే తన హీమగ్లుటినిన్ ప్రోటీన్‌ని కాస్త మార్చుకోవాలి. టీకా ఆ ప్రోటీన్ మీదే ఆధారపడుతుంది కాబట్టి, మారిన వైరస్‌తో చేసిన టీకా మారని వైరస్‌ని సరిగా గుర్తుపట్టని యాంటీబాడీలు ఇవ్వచ్చు. హెచ్3ఎన్2 రకంతోనే ఈ గొడవ ఎక్కువ. 2016-17 సీజన్‌లో వచ్చిన హెచ్3ఎన్2 వైరస్‌ల ప్రోటీన్ మీద ఒక కొత్త చక్కెర గొలుసు ఉండేది. గుడ్లలో పెంచిన టీకా స్ట్రెయిన్‌లో అది పోయింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్కాట్ హెన్స్‌లీ బృందం 2017లో ఇది చూపించింది. ఇది చదివాక గుడ్డు మీద నాకున్న గౌరవం కొంత తగ్గిందనే చెప్పాలి.

గుడ్డులో బాగా పెరగని స్ట్రెయిన్లకి ఇంకో ఉపాయం ఉంది. ఫ్లూ జన్యువులు ఎనిమిది విడి ముక్కలుగా ఉంటాయి. 1934 నాటి ప్యూర్టోరికో స్ట్రెయిన్ గుడ్డులో విపరీతంగా పెరుగుతుంది. దాన్ని, కొత్త స్ట్రెయిన్‌ని ఒకే గుడ్డులో ఎక్కిస్తే ముక్కలు కలగాపులగం అవుతాయి. పైన ఉండే రెండు ప్రోటీన్లు కొత్తదానివి, మిగతావి వీలైనంత వరకు పాతదానివి ఉన్న వైరస్‌ని ఏరుకుంటారు. 1960ల చివర్లో ఎడ్విన్ కిల్‌బోర్న్ మొదలుపెట్టిన ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది.

బర్డ్ ఫ్లూ దగ్గర మాత్రం గుడ్డు చేతులెత్తేస్తుంది. ప్రమాదకరమైన హెచ్5ఎన్1 పిండాన్ని త్వరగా చంపేస్తుంది, దిగుబడి రాదు. పైగా గుడ్లు పెట్టే కోళ్లే పోతాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అది వచ్చినప్పుడు మా వైపు ఫారాలవాళ్ల టెన్షన్ చూశాను, ఆ కోళ్లనే నమ్ముకుని టీకాలు చేయడం ఎలా కుదురుతుందనిపించింది. అందుకే హెచ్5 టీకా స్ట్రెయిన్లు చేసేటప్పుడు వైరస్‌ని అంత ప్రమాదకరంగా మార్చే చిన్న భాగాన్ని రివర్స్ జెనెటిక్స్‌తో (ల్యాబ్‌లో జన్యువుల్ని మార్చి వైరస్‌ని తయారుచేసే పద్ధతితో) ముందే తీసేస్తారు.

వేరే దారులు అన్నాను కదా. 1958లో ఒక కాకర్ స్పానియల్ కుక్క కిడ్నీ నుంచి తీసిన ఎండీసీకే కణాల్లో ఫ్లూ బాగా పెరుగుతుంది, వైరస్ గుడ్డులో మారినట్టు మారదు. వీటితో చేసిన టీకాకి అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. వైరస్‌ని పెంచకుండా కీటక కణాల్లో హీమగ్లుటినిన్ ప్రోటీన్ ఒక్కదాన్నే చేయించే టీకా 2013లో వచ్చింది. నా మటుకు, హెచ్3ఎన్2 వరకైనా గుడ్డు నుంచి బయటపడడమే మంచిది. కానీ గుడ్లమీద ఆధారపడే ఫ్యాక్టరీలు, సరఫరా అన్నీ ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి, కొత్తవాటికి ఖర్చెక్కువ.

గుడ్డు అలర్జీ సంగతి: ఇప్పటి టీకాల్లో మిగిలే గుడ్డు ప్రోటీన్ చాలా తక్కువ. అలర్జీ ఉన్నవాళ్లకి ప్రత్యేక జాగ్రత్తలు అక్కర్లేదని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2023లో చెప్పింది. అయినా టీకా వేసే డాక్టరుకి ముందుగా చెప్పండి. మునుపు ఫ్లూ టీకాకే తీవ్రమైన రియాక్షన్ వచ్చి ఉంటే మాత్రం డాక్టర్ని అడగకుండా వేయించుకోవద్దు.