సందేహాలు – సమాధానాలు: చిత్రిక పట్టేది దేన్ని?

సందేహం: చెక్కను నునుపు చేసే తాతగారి కొయ్య తోపడాను బాగుచేసుకుంటున్నాను. హైదరాబాదు వడ్రంగి ఒకరు దాన్ని రందా అన్నారు, నిఘంటువు చిత్రిక అంటోంది. పత్రికల్లో ‘పల్లె జీవితాన్ని చిత్రిక పట్టిన నవల’ అని రాస్తున్నారు. పనిముట్టుకు సరైన పేరేది? నవలకు దానితో పనేమిటి? – ఒక పాఠకుడు

సమాధానం: మూడు పేర్లూ సరైనవే. రందా పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. అక్కడ రందీదన్ అంటే గీకి చదును చేయడం. చెక్కకు రంధ్రం చేసే బర్మాదీ అదే దారి. తోపడాను తోయడంతో ముడిపెట్టాలని చాలామందికి ఉబలాటం. చివరి ‘డా’ సంగతి తేల్చకుండా ఆ ముడి వేయడం నాకిష్టం లేదు.

మీ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. చిత్రిక, చిత్రించు అన్న మాటలు చెవికి దగ్గరగా ఉన్నాయి కదా అని సమీక్షకులు ఒకదాని చోట మరొకటి వాడేస్తున్నారు. తోపడా మీ చేతిలో ఉంది, వారి చేతిలో లేదు; అదే చిక్కు. బ్లేడుకు పదును పెట్టాక వెనుకవైపు వేలికి సన్నటి గరుకు తగులుతుంది. అది పోయేదాకా ఆ వైపును సానరాయి మీద బల్లపరుపుగా రుద్దండి. బ్లేడును పట్టి ఉంచే కొయ్య దిమ్మ అడుగును గాజుపలక మీద పరిచిన గరుకు కాగితంపై రుద్దేటప్పుడు బ్లేడును లోపలికి లాగి, బిగించే ఉంచండి. ఆ బిగింపుకే దిమ్మ కాస్త వంగుతుంది. తరువాత బ్లేడును వెంట్రుకవాసి బయటికి తీసి, చెక్క నార వాలున తోయండి. ఎదురు తోస్తే పెచ్చులు లేస్తాయి. వచ్చేది పలుచని పొర, పోయేది ఎగుడుదిగుడు. ఇందులో బొమ్మ గీసినదెక్కడ?

నాకు ప్రియమైన సంస్కృత ధాతువు ఒకటుంది, తక్ష్: చెక్కడం. తక్షకుడంటే పామే కాదు, వడ్రంగి కూడా. గ్రీకు తెక్తోన్, అంటే వడ్రంగి, ఈ కుదురుదే. అత్రి వంశీయులదని చెప్పే ఋగ్వేదం అయిదో మండలంలో ఒక కవి, నేర్పరి రథాన్ని చెక్కినట్టు నీకీ స్తోత్రాన్ని చెక్కానని అగ్నితో అంటాడు: ‘రథం న ధీరః స్వపా అతక్షమ్’. ఆయన చెక్కింది స్తోత్రాన్ని, అగ్నిని కాదు!

కనుక పద్యాన్ని చిత్రిక పట్టాడంటే సొగసైన మాటే. జీవితాన్ని చిత్రిక పట్టాడంటే దాని ఎత్తుపల్లాలన్నీ గీకేసి నున్నగా చేశాడని అర్థం. అది మెప్పో తిట్టో సమీక్షకులే చెప్పాలి. అయినా ఈ వాడుక ఇప్పటికే పాతుకుపోయింది. రేపటి నిఘంటువు దానికి చోటిచ్చినా ఆశ్చర్యపోను. నేను మాత్రం వాడను.