గనిలో ప్రకంపనల పుట్టుచోటు పట్టే పని: సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే చాలా?

ప్రశ్న: మా అమ్మాయి కొత్తగూడెంలో బీటెక్ మైనింగ్ మూడో సంవత్సరం. భూగర్భ గనుల్లో చిన్న ప్రకంపనలు ఎక్కడ పుడుతున్నాయో కనిపెట్టే మైక్రోసీస్మిక్ మానిటరింగ్ వైపు వెళ్తానంటోంది. దానికి సాఫ్ట్‌వేర్ కోర్సు చాలా?

జవాబు: చాలదండీ. స్థానం లెక్కగట్టేది సాఫ్ట్‌వేరే. ఆ లెక్కను నమ్మవచ్చో లేదో తేల్చాల్సింది మీ అమ్మాయి. దాన్నిబట్టే కింద మనుషుల్ని ఉంచాలా, పైకి పంపాలా అని నిర్ణయిస్తారు.

ప్రకంపన నుంచి గట్టి రాతిలో ముందుగా చేరే పి తరంగం సెకనుకు 6000 మీటర్లు, దాని వెనక వచ్చే ఎస్ తరంగం 3500 మీటర్లు పోతాయనుకుందాం. జియోఫోన్ (ప్రకంపనను పట్టే సెన్సర్) దగ్గరికి రెండూ 10 మిల్లీసెకన్ల తేడాతో వస్తే పుట్టుచోటు 84 మీటర్ల దూరంలో ఉన్నట్టు. తెలియనివి నాలుగు: మూడు దిక్కుల కొలతలు, పుట్టిన క్షణం. పి రాకలతోనే లెక్కవేస్తే నాలుగు సెన్సర్లు కనీసం కావాలి, కానీ ఆరేడు లేకపోతే ఏది తప్పు చెబుతోందో పట్టుకోలేం. పి రాకను ఒక్క మిల్లీసెకను తప్పుగా గుర్తిస్తే 6 మీటర్ల తేడా.

బొగ్గు గనుల్లో అసలు చిక్కు సెన్సర్ల అమరికది. అన్నీ ఒకే సీమ్ (బొగ్గు పొర)లోని గ్యాలరీల్లో, అంటే సొరంగ దారుల్లో పెడితే ప్రకంపన పైకప్పులో పుట్టిందో అడుగున పుట్టిందో తేలదు. కొన్నిటిని పైపొరల్లోకి బోరు వేసి దించాలి, రాతికి సిమెంటుతో గట్టిగా పట్టించాలి. వదులు రాయికి బిగిస్తే ఆ రాయి ఊగుడే నమోదవుతుంది. గోఫ్‌ను, అంటే బొగ్గు తీసేశాక మిగిలిన ఖాళీని చుట్టి వచ్చే తరంగం ఆలస్యమవుతుంది. సరళరేఖ లెక్క పుట్టుచోటును అసలుకన్నా దూరంగా చూపిస్తుంది. అందుకే చోటు, సమయం తెలిసిన బ్లాస్టుతో సరిచూడాలి. ఫేస్ (బొగ్గు తవ్వే చోటు) ముందుకు జరిగేకొద్దీ మళ్లీ మళ్లీ చేయాలి.

ఇంట్లోనే మొదలుపెట్టమనండి. పైథాన్‌లో ఎనిమిది సెన్సర్లు, ఒక ప్రకంపన ఊహించి, రాక సమయాలకు ఒక మిల్లీసెకను పొరపాటు కలిపి, కనిష్ఠ వర్గాల (లీస్ట్ స్క్వేర్స్) పద్ధతిలో 500 సార్లు స్థానం వెతకమనండి. తర్వాత సెన్సర్లన్నీ దాదాపు ఒకే తలానికి తెచ్చి చూస్తే జవాబుల గుంపు నిలువునా సాగిపోతుంది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఆ గుంపును గీసి చూపే బొమ్మ ఎక్కువ మాట్లాడుతుంది. నిజమైన సిగ్నళ్లపై సాధనకు అబ్స్‌పై (ObsPy) అనే పైథాన్ లైబ్రరీ ఉచితం.

చదువుకు గేట్ రాసి ధన్‌బాద్, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో ఎంటెక్. పరిశోధనకు జాతీయ రాక్ మెకానిక్స్ సంస్థ ఉంది. రాక్‌బర్స్ట్‌లకు (ఒత్తిడికి రాయి హఠాత్తుగా పగిలి ఎగిరిపడటం) పేరుపడ్డ కోలార్ బంగారు గనుల్లోనే 1988లో మొదలైంది. దక్షిణాఫ్రికా, కెనడా, ఆస్ట్రేలియాల లోతైన గనుల్లో ఈ పనికి గిరాకీ బాగా ఉంది. ఇక్కడ పోస్టులు తక్కువ కాబట్టి, గని నిర్వహణ ఉద్యోగాలకు కావాల్సిన సెకండ్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ పరీక్షను మాత్రం వదలొద్దు. సాంకేతిక, పర్యవేక్షక ఉద్యోగాల్లో మహిళలు పగటిపూట భూగర్భంలోకి దిగేందుకు 2019లోనే కేంద్రం అనుమతిచ్చింది, ఆ భయం అక్కర్లేదు.