నాలుగు కప్పుల ఐస్‌క్రీమ్, ఒక గొలుసు

ప్రశ్న: మేము శ్రీకాకుళంలో ఉంటాం. మావారి జీతం నెలకు 42,000 రూపాయలు. ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఏడు రోడ్ల కూడలి దగ్గర కొత్తగా ఒక ఐస్‌క్రీమ్ దుకాణం తెరిచారు. కప్పు 70 రూపాయలు, రుచి చాలా బాగుంది. గత నెలలో నలుగురం పదిసార్లు వెళ్లాం. ఇప్పుడు 3,000 ముందుగా కడితే 3,600 విలువ చేసే కార్డు ఇస్తామంటున్నారు. గడువు ఆరు నెలలు. తీసుకోమంటారా? అత్తయ్యగారేమో డబ్బు కరగబెడుతున్నామని గొణుగుతున్నారు. ఆవిడ గొలుసు మీద బ్యాంకులో 40,000 రుణం ఉంది. 9.5 శాతం వడ్డీ ఏటా కట్టి తిరగరాయిస్తున్నాం.

జవాబు: అమ్మా, ఐస్‌క్రీమ్ మానేయమని నేను చెప్పను. పుల్లఐసు, సేమియా ఐసు తప్ప మరొకటి ఎరగని రోజులు నాకు గుర్తున్నాయి. మంచి సరుకు సొంత ఊళ్లోనే, అందగలిగే ధరకు దొరుకుతోందంటే సంతోషించాల్సిందే.

అది నిజంగా మంచి సరుకేనా అన్నది మాత్రం ఒకసారి చూసుకోండి. మామూలు ఐస్‌క్రీమ్‌లో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలని ఆహార భద్రతా నిబంధన. పాల కొవ్వుకు బదులు నూనెల కొవ్వు వాడితే దాన్ని ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అని రాయాలి. అది తినకూడని వస్తువేమీ కాదు, కానీ పాలతో చేసిన దాని ధర దానికి పెట్టక్కర్లేదు. దుకాణంలో పెద్ద డబ్బా మూత మీద ఏముందో చూపించమని అడగండి. అడగడంలో మొహమాటం వద్దు.

ఇంటికి డబ్బా కొనేటప్పుడు మరో సంగతి. ఐస్‌క్రీమ్‌ను లీటర్లలో అమ్ముతారు, అందులో గాలి కూడా కలిసి ఉంటుంది. లీటరు ఐస్‌క్రీమ్ 525 గ్రాములకు తగ్గకుండా తూగితే నిబంధనకు సరిపోతుంది. మొన్న రెండు అరలీటరు డబ్బాలు తెచ్చి, వంటింటి త్రాసు మీద పెట్టి చూశాను. 150 రూపాయల డబ్బాలో 270 గ్రాములున్నాయి, 190 రూపాయల దానిలో 380. అంటే చవకది వంద గ్రాములు 56 రూపాయలు పడింది, ఖరీదైనది 50. చెంచా దించితేనే తేడా తెలిసిపోయింది: ఒకటి నురగలా కుంగింది, రెండోదానిలో చెంచా నిలబడింది. ధర కాదు, బరువు చూడండి.

బిల్లు కూడా చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఐస్‌క్రీమ్ మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఇంకా 18 కనబడితే ప్రశ్నించండి.

ఇక కార్డు. 3,600 సరుకు 3,000కే వస్తుందంటే 280 అయ్యే మీ నలుగురి ఖర్చు 233కు దిగుతుంది. వెళ్లినప్పుడల్లా 47 రూపాయలు మిగులు. బాగానే ఉందనిపిస్తుంది. కానీ వారానికి ఒకసారి చాలని నేనంటాను. పర్సులో కార్డు ఉంటే ఆ ఒకసారితో ఆగగలరా? రెండోసారి వెళ్లారంటే ఆ వారం ఖర్చు 280 కాదు, 466. పైగా ఆ 3,000 మీరు కొత్త దుకాణానికి హామీ లేకుండా ఇచ్చిన అప్పు. ఒక దుకాణంలో నేను ఇలాగే ముందుగా కట్టాను, మూడో నెలకే షట్టరు దించేశారు. ఎవరిని అడగాలో తెలియలేదు. ఇప్పుడు తీసుకోవద్దు. ఆరు నెలల తరువాత కూడా దుకాణం నిలబడి ఉంటే, మీ అలవాటు వారానికి ఒకసారి దగ్గర కుదురుకుంటే అప్పుడు ఆలోచించవచ్చు.

నన్ను ఆపిన విషయం మీ ఉత్తరం చివర్లో ఉంది. గత నెల ఐస్‌క్రీమ్‌కు 2,800 అయింది. అత్తయ్యగారి గొలుసుకు ఏడాదంతా కలిపి కడుతున్న వడ్డీ 3,800. అసలులో మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు. ఆవిడ గొణుగుతున్నది ఐస్‌క్రీమ్ గురించి కాదేమో అనిపిస్తోంది నాకు.

వారానికి ఒకసారి వెళ్లండి. ఆదివారం అరసవల్లి దర్శనం చేసుకుని వస్తూ ఆగితే పిల్లలకూ అది ఎదురుచూసే రోజవుతుంది. నెలకు 1,120తో సరిపోతుంది, 1,680 మిగులుతుంది. అందులో 1,500 ప్రతి నెలా జీతం పడిన మర్నాడే బంగారు రుణంలో జమ చేయండి. నెలనెలా కొంత అసలు కట్టడానికి వీలుందా అని బ్యాంకులో ముందే అడగండి, చాలాచోట్ల ఉంటుంది. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే మేలు కదా అంటారేమో. అక్కడ వచ్చేది 6.7 శాతం, ఇక్కడ పోయేది 9.5. ముందు పోయేదాన్ని ఆపాలి. ఈ లెక్కన 30 నెలల్లో రుణం తీరిపోతుంది, గొలుసు ఇంటికి వస్తుంది.

మిగిలిన 180కి మరో 100 కలపండి. నెలకు నాలుగు వారాలు, వారానికి ఇంకో కప్పు. మీరు రాసిన ‘నలుగురం’లో అత్తయ్యగారు లేరు. ఆవిడకు చక్కెర జబ్బు లేకపోతే ఈ ఆదివారం ఆవిడనూ వెంటబెట్టుకుని వెళ్లండి. బ్యాంకులో మొదటి 1,500 కట్టిన రసీదు అక్కడే ఆవిడ చేతిలో పెట్టండి.