అప్పు శాతం ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది

జపాన్ ప్రభుత్వ అప్పు జీడీపీకి (దేశం ఏడాదిలో ఉత్పత్తి చేసే మొత్తం విలువకి) రెండింతలు దాటినా నిలబడింది, శ్రీలంక అంతకంటే తక్కువకే ఎందుకు మునిగిందని అడిగారు కదా, మీరు టేబుల్లో పక్కపక్కన పెట్టిన ఆ రెండు దేశాల అప్పు-జీడీపీ శాతాలే మిమ్మల్ని తికమక పెడుతున్నాయండి. జపాన్ అప్పు దాదాపు అంతా సొంత కరెన్సీ యెన్‌లోనే, అదీ ఎక్కువగా స్వదేశీయుల దగ్గరే ఉంది. శ్రీలంక అప్పులో పెద్ద భాగం డాలర్ల లాంటి విదేశీ కరెన్సీల్లో తెచ్చుకుంది, డాలర్లు ముద్రించుకోలేదు కదా! పైగా 2019 చివర్లో అక్కడ వ్యాట్‌ను (సరుకులు, సేవల మీద పన్నును) 15 నుంచి 8 శాతానికి తగ్గించేశారు, కోవిడ్‌తో టూరిస్టులూ రాలేదు, ప్రభుత్వానికి వచ్చే రాబడిలో సగానికి పైగా వడ్డీలకే పోయింది, చివరికి 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేశారు.

ఆ అప్పుల్ని ఎలా ఖర్చు పెట్టారన్న సంగతికొస్తే శ్రీలంకలోని మత్తల విమానాశ్రయం చూడండి. చైనా అప్పుతో కట్టి 2013లో తెరిచారు, విమానాలు రాక ఒక దశలో అక్కడ వడ్లు నిల్వ చేశారు (నవ్వాలో ఏడవాలో తెలీదు). విమానం రాకపోయినా వాయిదా ఆగదుగా.

అందుకే మీ టేబుల్లో జీడీపీ శాతం పక్కన ఇంకో రెండు కాలమ్‌లు పెట్టండి: రాబడిలో వడ్డీ వాటా, మొత్తం అప్పులో విదేశీ కరెన్సీ వాటా. తేడా అక్కడే కనిపిస్తుంది.