పైథాన్ 3.8, 3.12 రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంచుకోవచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ: విజయవాడలో ఇంటర్న్‌షిప్ చేసే చోట పాత కోడ్ పైథాన్ భాష 3.8 వెర్షన్ మీద తప్ప నడవదు, మీ సొంత ప్రాజెక్టుకేమో 3.12 కావాలి, ల్యాప్‌టాప్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 22.04. ఒకటి పీకేసి ఇంకొకటి వేసుకుంటూ వారం గడిచిపోయింది.

ఉంచుకోవచ్చు. రెండేం ఖర్మ, నా దగ్గర నాలుగున్నాయి. ఆ పీకే పని ఇవాళే ఆపేయండి. ఉబుంటుతో పాటు వచ్చిన 3.10 జోలికైతే అసలు వెళ్లకండి. నేను దెబ్బ తిని చెబుతున్నాను.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు లెక్కల ప్రోగ్రామ్ నేను చూసుకుంటాను. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, తూకమెంత, హమాలీ పోను రైతుకి ఎంత ఇవ్వాలి, ఇంతే దాని పని. ఒక ఫిబ్రవరిలో, సీజన్ మంచి ఊపు మీదుండగా, 3.12 తెచ్చి పెట్టాను. పైథాన్3 అని కొడితే నేరుగా అదే రావాలని సిస్టమ్ లింకును దాని వైపు తిప్పేశాను. బ్రాడీపేటలో టీ తాగి వచ్చేసరికి, కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరుచుకోవడం లేదు. ఐకాన్ నొక్కితే చక్రం కాసేపు తిరుగుతుంది, ఆగిపోతుంది. ఎర్రర్ కూడా లేదు. తర్వాత తెలిసిన సంగతేంటంటే, ఉబుంటులో ఆ టెర్మినల్‌ని తెరిచేది కూడా ఒక పైథాన్ స్క్రిప్టే. దానికి కావలసిన మాడ్యూల్ 3.10 కోసం కంపైల్ చేసింది, 3.12లో లోడ్ కాదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి, నల్ల తెరలోకి వెళ్లి లింకును మళ్లీ 3.10కి తిప్పాను. ఆ అరగంటా కొట్టు గుమాస్తా ఫోన్ మీద ఫోన్.

అప్పటి నుంచి పైఎన్వ్ అనే టూల్ వాడుతున్నాను. ఇది ప్రతి వెర్షన్‌నీ మీ హోమ్ ఫోల్డర్‌లోనే వేరువేరు గదుల్లో పెడుతుంది, సిస్టమ్‌ని ముట్టుకోదు. ‘పైఎన్వ్ ఇన్‌స్టాల్ 3.8.20’ అంటే పైథాన్ సోర్సు కోడ్ దించి మీ మెషీన్‌లోనే బిల్డ్ చేస్తుంది, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేస్తుంది. ఇక్కడే నేను ఇంకోసారి బోల్తా పడ్డాను. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ డెవలప్‌మెంట్ లైబ్రరీ లేకపోయినా బిల్డ్ పూర్తవుతుంది, మధ్యలో ఒక వార్నింగ్ మాత్రం వచ్చి పోతుంది. నేను చదవలేదు. మా లెక్కలన్నీ ఎస్‌క్యూలైట్‌లోనే ఉన్నాయి, ప్రోగ్రామ్ మొదటి లైన్‌లోనే పడిపోయింది. లైబ్రరీ తర్వాత వేసుకుంటే సరిపోదు, పైథాన్‌ని మళ్లీ బిల్డ్ చేయాల్సిందే. కాబట్టి ఓపెన్ఎస్ఎస్ఎల్, ఎస్‌క్యూలైట్, లిబ్‌ఎఫ్ఎఫ్ఐ, జీలిబ్, బీజిప్2 వీటి డెవలప్‌మెంట్ ప్యాకేజీలు ముందే వేసుకుని మొదలుపెట్టండి.

ఆ తర్వాత పాత ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్లి ‘పైఎన్వ్ లోకల్ 3.8.20’ అనండి. అక్కడ చుక్కతో మొదలయ్యే చిన్న ఫైల్ ఒకటి పుడుతుంది, అందులో వెర్షన్ నంబర్ తప్ప ఇంకేం ఉండదు. ఇకపై ఆ ఫోల్డర్‌లో ఉన్నంతసేపూ 3.8. కొత్త ప్రాజెక్టు ఫోల్డర్‌లోనూ ఇలాగే చేస్తే అక్కడ 3.12.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. ఏ పైథాన్ అన్నది ఒక లెక్క, ఏ ప్యాకేజీలు అన్నది వేరే లెక్క. 3.8 మీదే రెండు ప్రాజెక్టులుంటే ప్యాకేజీలు కొట్టుకుంటాయి. అందుకని ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక వీఎన్వ్, అంటే ఆ ప్రాజెక్టు ప్యాకేజీలకే ఒక విడి గది, పెట్టుకోండి, అది చేసే సాధనం పైథాన్‌తోనే వస్తుంది. వెర్షన్ ముందు, వీఎన్వ్ తర్వాత, ఈ వరస తప్పకూడదు. ఏ పైథాన్‌తో పుట్టిందో వీఎన్వ్ దాన్నే అంటిపెట్టుకుంటుంది, తర్వాత మీరు లోకల్ మార్చినా అది మారదు. తప్పు జరిగితే బాగుచేయాలని చూడకండి, చెరిపేసి కొత్తది చేసుకోండి, రెండు నిమిషాల పని.

ప్యాకేజీలు వేసే పిప్‌ని కూడా ఉత్తగా పిలవకండి. ‘పైథాన్ -ఎమ్ పిప్’ అని పిలిస్తే ఏ పైథాన్‌కి వేస్తున్నారో అనుమానం ఉండదు.

చెప్పిన టైముకి పనులు తనే నడిపే క్రాన్‌లో పెట్టే పనులుంటే ఇంకో చిక్కు. క్రాన్ మీ టెర్మినల్ వాడే బాష్ సెట్టింగులు చదవదు, అంచేత దానికి పైఎన్వ్ అనేది ఒకటుందనే తెలియదు. మా కొట్టు బ్యాకప్ కొన్నాళ్లు ఇలాగే ఆగిపోయింది. చేత్తో నడిపితే నడిచేది, రాత్రి తనంతట తాను నడిచేది కాదు. క్రాన్ లైన్‌లో వీఎన్వ్ లోపలి పైథాన్ పూర్తి పాత్ రాసేయండి.

బిల్డ్ గోల వద్దనుకుంటే 2024లో వచ్చిన యూవీ అనే టూల్ చూడండి, తయారుగా ఉన్న పైథాన్‌నే దించుతుంది, చాలా వేగం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేనిప్పుడు అదే చెబుతున్నాను, నేను మాత్రం అలవాటు కొద్దీ మారలేదు.

ఇంకొకటి, 3.8కి 2024 అక్టోబర్‌తోనే సపోర్ట్ అయిపోయింది. సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా రావు. మీ ఇంటర్న్‌షిప్ వాళ్లు ఎప్పటికైనా 3.12కి రాక తప్పదు. ఆ పని మీ నెత్తిన పడితే ముందు కోడ్‌లో డిస్ట్‌యుటిల్స్ అనే పాత ప్యాకేజింగ్ మాడ్యూల్ ఎక్కడెక్కడ ఉందో వెతకండి, 3.12లో దాన్ని తీసేశారు. బిల్డ్ మధ్యలో ఆగితే చివరి పదిహేను లైన్లు ఇక్కడ పెట్టండి, సాయంత్రం చూస్తాను.